కామెడీ సినిమా సెకండాఫ్‌లో ఎందుకు చల్లబడిపోతోంది?

నేలటికెట్:
ట్రైలర్ చూసి నవ్వుతాం, ఫస్టాఫ్ పర్లేదనిపిస్తుంది, ఇంటర్వెల్ అయ్యాక ఫోన్ బయటికి తీస్తాం. చాలా తెలుగు కామెడీ సినిమాలతో ఇదే వరస. కమెడియన్లు లేరా అంటే తెర నిండా ఉన్నారు. డైలాగులు లేవా అంటే నోరు మూసే పాత్రే లేదు. మరి నవ్వెందుకు రాదు? నేను మామూలు ప్రేక్షకుణ్ణి, సినిమా తీసే పని తెలీదు. అడిగేది రెండే. లోపం అసలు ఎక్కడ పుడుతుంది? టికెట్ కొనేముందే పసిగట్టే దారి ఏదైనా ఉందా? పాతవే గొప్ప అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, సీన్ పట్టుకుని చెప్పండి ప్లీజ్.

రెండోఆట:
లోపం చాలావరకు పంచ్‌లో ఉండదండీ. తెరమీద మనిషికి ఆ పరిస్థితి నిజంగా ముఖ్యమా కాదా అన్నచోట ఉంటుంది. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్నే చూస్తూ వట్టి అన్నం తినే సీన్ తీసుకోండి. ‘ఎంత తమాషాగా చేస్తున్నానో చూడండి’ అన్న భావం ఆ ముఖంలో ఎక్కడా కనబడదు. కోడికూరతో భోంచేస్తున్న తృప్తే కనబడుతుంది. మనకది జోకు, ఆయన వేసిన లక్ష్మీపతి పాత్రకి మాత్రం పొదుపు. పైగా ఆ పిసినారితనం ఊరికే పెట్టిన వింత అలవాటు కాదు, హీరో పెళ్లికి అదే అడ్డం. ఆ గుణాన్ని తీసేస్తే కథే లేదు.

ఇప్పుడు తేలిపోయే సినిమాల్లో వరస వేరు. ఒకడికి నత్తి, ఒకడికి మతిమరుపు, ఒకడికి ఇంగ్లిష్ పిచ్చి. ఆ గుణాలు కథకి ఏ పనీ చేయవు. మొదటిసారి నవ్వొస్తుంది, మూడోసారికి అలవాటైపోతుంది, ఆరోసారి విసుగు.

ఒక చిన్న సీన్ కల్పించి చూపిస్తాను. అప్పులవాడు ఇంటికొచ్చాడు. అప్పు సంగతి తండ్రికి తెలియకూడదు కాబట్టి కొడుకు ‘ఈయన ప్లంబర్ నాన్నా’ అన్నాడు. తండ్రి వెంటనే ‘అయితే వంటింట్లో ట్యాప్ కారుతోంది, చూడు బాబూ’ అన్నాడు. ఇక్కడ ఆపండి. అప్పులవాడు నిజం చెప్తే ముసలాయన గుండె ఆగుతుందేమో, అప్పు ఎప్పటికీ తీరదేమో. చెప్పకపోతే పానా పట్టాలి. అందుకే పట్టాడు. తర్వాతి మెట్టు, తండ్రికి పని నచ్చి పక్కింటావిణ్ణి కూడా పిలుస్తాడు. ఆ పై మెట్టు, కూలి ఎంతని బేరమాడతాడు. లక్షలు రావాల్సినవాడు రెండొందల దగ్గర నిజంగానే పట్టుబడతాడు. అబద్ధం ఒకటే, దాని ఖరీదు మాత్రం ప్రతి మెట్టుకీ పెరుగుతోంది. ఎవరూ ఒక్క పంచ్ వేయలేదు.

ఇదే సీన్ చెడగొట్టాలంటే అప్పులవాడి చేత ట్యాప్‌కీ టాప్‌కీ ప్రాస కట్టించి, పైపు పగలగొట్టి అందరి మొహాన నీళ్లు కొట్టించండి. ప్రాస కట్టే తీరికున్నవాడికి భయం లేనట్టే. భయం పోయాక మనం సీన్ చూడం, డైలాగ్ రైటర్‌ని చూస్తాం.

ఎడిట్‌టేబుల్:
పైన చెప్పింది రాతలో జరిగే పొరపాటు. సరిగ్గా రాసిన సీన్ కూడా తర్వాత చచ్చిపోవచ్చు, మూడు చోట్ల.

మొదటిది కటింగ్, అంటే ఎడిటింగ్. నవ్వు సగం మాట అన్నవాడిలో ఉంటే, సగం విన్నవాడి ముఖంలో ఉంటుంది. ఇద్దరినీ ఒకే ఫ్రేమ్‌లో పెడితే మాట తగిలిన క్షణం మనకే దొరుకుతుంది. అలా కాకుండా మాటకో క్లోజప్, వెంటనే నలుగురు కమెడియన్ల రియాక్షన్లు వరసగా వేస్తే, ఎవరిని చూసి నవ్వాలో సినిమాయే వేలు పెట్టి చూపిస్తున్నట్టుంటుంది. ఆ నలుగురూ కళ్లు పెద్దవి చేశారంటే ఇక ప్రేక్షకుడు చేయాల్సిన పనేం మిగలదు.

రెండోది ఆర్‌ఆర్, అంటే రీరికార్డింగ్, సీన్ వెనక వేసే సంగీతం, శబ్దాలు. పంచ్ పడగానే స్ప్రింగ్ మోతో, జారిపడ్డ శబ్దమో వేస్తారు. సీన్ పండలేదేమో అన్న అనుమానంతోనే చాలాసార్లు ఆ శబ్దం చేరుతుంది. పండిన సీన్‌కి నిశ్శబ్దం చాలు. ట్యాప్ బేరం సీన్‌లో నీటిచుక్క పడే చప్పుడు తప్ప ఇంకేమీ వద్దు.

మూడోది డబ్బింగ్, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. మన సినిమాల్లో చాలావరకు మాటలు షూటింగ్ తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పిస్తారు. ఇద్దరు నటులు తరచు వేర్వేరు రోజుల్లో వచ్చి చెప్తారు. సెట్లో ఎదుటివాడి మాటకి తడబడి, అరక్షణం ఆగి ఇచ్చిన జవాబులో ఉండే తడి, మైకు ముందు ఒంటరిగా తెరమీద పెదాల కదలికకి సరిపెట్టి చెప్పేటప్పుడు ఆరిపోతుంది. అందుకే కొన్ని సీన్లలో మాటలన్నీ వినబడతాయి గానీ ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు ఉండదు.

ఇంకొకటి, ఇందులో సినిమా తప్పేం లేదు. థియేటర్ కోసం కోసిన సినిమాలో పెద్ద పంచ్ తర్వాత రెండు మూడు సెకన్ల ఖాళీ ఉంచుతారు, హాలు నవ్వులో తర్వాతి మాట మునిగిపోకుండా. అదే సినిమా ఓటీటీలో ఒంటరిగా చూస్తే ఆ ఖాళీ లాగ్‌లా తోస్తుంది. హాల్లో ఊపేసిన సినిమా ఇంట్లో నీరసంగా ఉందని చాలామంది అనడానికి ఇదో కారణం.

గోదారిగట్టు:
నేలటికెట్ గారు అడిగింది సెకండాఫ్ గురించి కదా, దానికొస్తాను. ఫస్టాఫ్‌లో పాత్రల పరిచయమే సరుకు. కొత్త మనిషి, కొత్త పిచ్చి. ఇంటర్వెల్‌కి పరిచయాలు అయిపోతాయి. అక్కణ్ణుంచి బండి నడవాలంటే ఒక షరతు కావాలి, దానికో గడువు కావాలి. దర్శకుడు వంశీ తీసిన ‘ఏప్రిల్ 1 విడుదల’ (1991)లో అబద్ధాలతోనే బతికేసిన కుర్రాడు నెలరోజులపాటు నిజమే చెప్పాలి. ఇక రచయిత జోకుల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎవరు ఎదురుపడ్డా ప్రమాదమే, ఏ ప్రశ్న అడిగినా గండమే.

దర్శకుడు శ్రీను వైట్ల సినిమాలు ఒకప్పుడు ఎందుకు పండాయి, తర్వాత ఎందుకు తగ్గాయి అన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. ‘రెడీ’ (2008)లో హీరో విలన్ల ఇంట్లో దూరడానికి మెక్‌డోవెల్ మూర్తిని (బ్రహ్మానందం) వాడుకుంటాడు. మూర్తికి తెలియనిది మనకు తెలుసు, నవ్వంతా ఆ తేడాలోనే. ‘దూకుడు’ (2011)లో ఇంకో బరువు కలిసింది. కోమాలోంచి లేచిన తండ్రికి చేదు నిజాలు తెలియకూడదు. పక్కన బ్రహ్మానందం వేసిన పద్మశ్రీ అనే పాత్రకేమో అదంతా రియాలిటీ షో అన్న నమ్మకం. రెండు అబద్ధాలు ఒకే ఇంట్లో, ఒకటి బయటపడితే ఇంకోటీ పోతుంది.

ఆ తర్వాత వచ్చిన అనుకరణల్లో, ఆయన సొంత ‘ఆగడు’ (2014)తో కలిపి, బకరా మిగిలాడు గానీ పట్టుబడతామన్న భయం మిగల్లేదన్నది నా గట్టి అభిప్రాయం. విలన్‌ని మొదటి సీన్ నుంచే వెర్రివాణ్ణి చేశాక ఎంత పెద్ద నాటకమాడినా హీరోకి పోయేదేముంది? పైగా ఆ పాటికి ప్రేక్షకుడికి ఆట మొత్తం తెలిసిపోయింది. హీరో వేయబోయే ఎత్తు మనకు ముందే తెలిసిపోతే నవ్వు పుట్టదు.

నేలటికెట్:
చాలా వివరంగా చెప్పారు, థ్యాంక్స్. ఒక సందేహం. ‘జాతిరత్నాలు’ (2021)లో ఆ ముగ్గురు హీరోలూ దేన్నీ సీరియస్‌గా తీసుకోరు, అయినా నవ్వాం. మరి రెండోఆట గారి లెక్క అక్కడ తప్పినట్టేనా?

రెండోఆట:
మంచి ప్రశ్న. వాళ్లు సీరియస్‌గా తీసుకోకపోవచ్చు, కథ తీసుకుంది. పడ్డది ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసు. కోర్టు సీన్‌లో నవీన్ పోలిశెట్టి తన కేసు తనే వాదించుకుంటుంటే జడ్జి స్థానంలో బ్రహ్మానందం ఉన్నారు. కేసు బరువు ఎంతో మనకు తెలుసు, వాడికి తెలీదు. తెలియకపోవడాన్ని నటుడు నిజాయతీగా నమ్మాడు, వెర్రివాడిలా నటించలేదు. ఈ రెంటికీ తేడా చాలా ఉంది. ఆ సినిమాలో కూడా నవ్వు పలచబడేది కేసు గొడవ వివరించాల్సిన చోట్లే. అక్కడ ఆ అమాయకత్వానికి పని తక్కువ.

ఎడిట్‌టేబుల్:
ముందే పసిగట్టే దారి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. ట్రైలర్ అయ్యాక ‘ఎవడికి ఏం కావాలి, ఏది అడ్డం’ అని ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూడండి. ఇరవై పంచ్‌లు గుర్తుండి ఆ వాక్యం మాత్రం రాకపోతే సినిమా కూడా అలా ఉండే అవకాశమే ఎక్కువ. ట్రైలర్‌లో ఎన్ని పాత సినిమాల స్పూఫ్‌లు పడ్డాయో కూడా లెక్కపెట్టండి. అరువు నవ్వులు మూడు దాటితే నేనైతే ఆగుతాను. ప్రతి పంచ్ వెనకా శబ్దం ఉందంటే వాళ్ల నమ్మకం ఎంతో తెలిసిపోతుంది.

నిడివి చూసి భయపడక్కర్లేదు. షరతు గట్టిదైతే రెండున్నర గంటలూ తెలియవు, లేకపోతే రెండు గంటలే భారం.

గోదారిగట్టు:
దానికి ఒకటి కలుపుతాను. యూట్యూబ్‌లో రిలీజ్‌కి ముందు వదిలే సీన్ చూసేటప్పుడు ఒకసారి సౌండ్ తీసేయండి. మాట్లాడేవాణ్ణి వదిలేసి పక్కన నిలబడ్డవాణ్ణి చూడండి. వాడు వింటున్నాడా, లేక తన డైలాగ్ వంతు కోసం ఎదురుచూస్తున్నాడా? వింటున్నాడంటే మొదటి రోజే వెళ్లొచ్చు.