కాగితపు సరుకులో ప్రత్యేకత చూపడం ఎలా? అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

అందరికీ నమస్కారం. తిరుపతి దగ్గర రేణిగుంటలో నాకు నోటు పుస్తకాలు, కాగితపు సంచులు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. మిల్లుల నుంచి రీళ్లు కొని, రూళ్లు వేసి, పిన్నులు కొట్టి అమ్ముతాము. 58 జీఎస్ఎం (చదరపు మీటరుకు 58 గ్రాములు తూగే) కాగితపు పుస్తకం ఎవరు చేసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కనుక దుకాణదారుడు అడిగేది ధర ఒక్కటే. ఆ ధరలో, సొంతంగా గుజ్జు తయారుచేసుకునే పెద్ద మిల్లుల బ్రాండ్లతో నేను పోటీ పడలేను.

ఖర్చు తగ్గించుకోవడం, సరుకులో ప్రత్యేకత చూపడం, ఒక చిన్న వర్గం మీదే దృష్టి పెట్టడం అంటూ వ్యాపార వ్యూహాల నిపుణుడు మైఖేల్ పోర్టర్ 1980లో చెప్పిన మూడు దారుల్లో మొదటిది నాకు మూసుకుపోయినట్టే. మిగిలిన రెండూ కలిసే చోటు మన చిత్తూరు మామిడి తోటల్లో ఉందని నా నమ్మకం. పండు ఈగ సోకకుండా, రంగు సమంగా వచ్చేందుకు కాయలకు తొడిగే కవర్లకు లోపల నల్లపొర, తొడిమ దగ్గర బిగించే సన్నని తీగ, అన్నిటికంటే ముఖ్యంగా తడిసినా చిరగని బలం ఉండాలి. సంచులకు వాడే మామూలు క్రాఫ్ట్ (గోధుమరంగు) కాగితంతో నేను చేసిన నమూనాలు ఒక్క వానకే నానిపోయాయి. నన్ను నమ్మి చెట్టుకు తొడిగిన రైతు ముందు తలెత్తుకోలేకపోయాను.

తడిసినా చిరగకుండా బలమిచ్చే వెట్ స్ట్రెంత్ రెజిన్ కలిపిన కాగితాన్ని ఒకటి రెండు టన్నుల లెక్కన ఇచ్చే మిల్లులు దక్షిణాదిలో ఉన్నాయా, లేక మైనం పూత సరిపోతుందా? ఇక పుస్తకాల విషయానికొస్తే, తమిళనాడు కరూరు జిల్లా పుగళూరులోని కాగితపు మిల్లు టీఎన్‌పీఎల్ చెరకు పిప్పితో కాగితం చేస్తోంది కదా. అటువంటి కాగితంతో పుస్తకాలు కుట్టి, ఆ సంగతి అట్ట మీద ముద్రిస్తే తల్లిదండ్రులు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తారా? ఇలా అమ్మి చూసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.