కరెంటు లేనప్పుడు కూడా బధిరులను నిద్రలేపే అలారం ఏదైనా ఉందా?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచినప్పుడు ఇళ్లు వదిలిన 6 బధిర కుటుంబాలు ఇప్పుడు విజయవాడలోనే ఒక వీధిలో దగ్గరదగ్గరగా అద్దెకుంటున్నాయి. వాటిలో మా అక్కవాళ్లదీ ఒకటి. మొత్తం 22 మంది. వినపడేది ఇద్దరు పిల్లలకే. కలిసి కుట్టుపని చేసుకుంటున్నారు, సైగల్లో మాట్లాడుకునే ఇరుగుపొరుగు ఉంది కాబట్టి ఇక్కడే స్థిరపడాలనుకుంటున్నారు. కానీ గట్టి వాన పడితే చాలు, రాత్రంతా వంతులవారీగా మేలుకుంటున్నారు. ఆ రోజు పక్కింటివాళ్లు తలుపు బాదినా అక్కవాళ్లకు తెలియలేదు. నీళ్లు మంచానికి తగిలాకే లేచారు.

ఇప్పటివరకు చూసినవి: వాట్సాప్ గ్రూపులో వీడియో కాల్ చేసుకోవడం. ఫోన్ దిండు కింద పెట్టుకున్నా గాఢనిద్రలో 5 సార్లలో 3 సార్లు మెలకువ రాలేదు. వెలుతురు మెరిసే కాలింగ్ బెల్ పెట్టాం, అది ప్లగ్ మీద పనిచేసేది, కరెంటు పోతే అంతే. వరదలో ముందు పోయేది కరెంటే కదా. బ్యాటరీతో నడిచి మంచాన్ని కుదిపే పరికరం ఒకటి తెప్పించాం. లేపడం బాగానే లేపింది గానీ, మధ్యలో రెండు గోడలుంటే బటన్ సిగ్నల్ అందడం లేదు.

మొదటి ఇంటికీ చివరి ఇంటికీ సుమారు 80 మీటర్లు. అన్నీ సిమెంటు గోడలే. మొత్తం ఖర్చు 15 వేలు దాటకూడదు.

ఒక ఇంట్లో బటన్ నొక్కితే, కరెంటూ ఇంటర్నెట్టూ లేకపోయినా 6 ఇళ్లలోనూ మంచాలు కుదిపే ఏర్పాటు మీలో ఎవరైనా చేశారా, దేనితో చేశారు?