సొంత ఆటవెలది పద్యాన్ని బడిలో చదివేటప్పుడు ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: హైదరాబాదులోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. సెప్టెంబరు 9న, కాళోజీ జయంతినాడు జరుపుకొనే తెలంగాణ భాషా దినోత్సవానికి, మా ఎనిమిదవ తరగతి విద్యార్థిని తాను రాసిన పద్యాన్ని ఉదయం ప్రార్థన సమయంలో చదువుతానంటోంది. వేమన పద్యాలకు అలవాటైన రాగంలో చదివిస్తే ప్రతి పాదం చివరా ఆగిపోతోంది. యతి దగ్గర ఆగాలని సహోపాధ్యాయులొకరు అంటున్నారు. చివరి పాదం తీసి మకుటం (శతకంలో ప్రతి పద్యం చివరా వచ్చే ఒకే మాట) పెడితే నిండుగా ఉంటుందని మరొకరి సలహా. పద్యమిది:

నాన్న బండి నడిపి నగరమెల్ల తిరిగి
రాత్రి పదికి వచ్చు, రాగ నేను
తలుపు తీసినంత తన చేతి సంచిలో
నాకు జామ పండు, నవ్వు తనకు

సమాధానం: గణాలు, యతి నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి కనుక దిద్దవలసిందేమీ లేదు. మకుటం సలహాను పక్కన పెట్టండి; ఆ నాలుగవ పాదం కోసమే ఆ అమ్మాయి మిగిలిన మూడూ రాసింది.

యతి దగ్గర ఆగాలన్న అభిప్రాయం సంస్కృత ఛందస్సు నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ యతి విరామస్థానం. తెలుగులో అది పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ కుదరవలసిన మైత్రి మాత్రమే కాబట్టి, ఆ చోట మాట ముగియాలన్న నియమం లేదు. "పురుషులందు పుణ్య పురుషులు వేరయా" అన్న వేమన పాదంలో యతి ‘పుణ్య’ తర్వాతి ‘పు’ మీద పడుతుంది. అక్కడ ఆగితే ‘పుణ్యపురుషులు’ అన్న సమాసం నడిమికి తెగుతుంది. మీ విద్యార్థిని పద్యంలో మాత్రం నాలుగు యతిస్థానాలూ మాటల సహజమైన విరుపుతో కలిసిపోయాయి. మీ సహోపాధ్యాయుల మాట ఈ పద్యానికి చెల్లినట్టు కనిపించడానికి కారణం ఆ పిల్ల చెవి, అంతే.

అసలు చిక్కు రెండవ పాదం చివర ఉంది. "రాగ నేను" అని దీర్ఘం తీసి ఆగితే, వచ్చింది తండ్రా, తానా అన్న అనుమానం వినేవారికి కలుగుతుంది, ఎందుకంటే ‘నేను’ అన్వయించేది కిందిపాదంలోని ‘తలుపు తీసినంత’తో. అందుచేత ‘వచ్చు’ దగ్గర స్పష్టంగా నిలిచి, ‘రాగ’ తర్వాత లిప్తపాటు విడిచి, "నేను తలుపు తీసినంత" అన్నది ఒకే ఊపిరిలో చెప్పించండి. వేమన పద్యాల్లో చాలామటుకు ఏ పాదానికా పాదం మాట ముగుస్తుంది కనుక పాదాంతంలో రాగం సాగినా అర్థానికి దెబ్బ తగలదు, ఇక్కడ తగులుతుంది. (పద్యపఠన పోటీల్లో రాగానికే మార్కులు వేసే అలవాటు మీద నాకు ఎన్నడూ గౌరవం లేదు.) రెండు మూడుసార్లు వచనంలా చెప్పించి, ఆ తర్వాతే పద్యంగా చదివించండి. ‘జామ పండు’ తర్వాత చిన్న విరామం చాలు, ‘తనకు’ను సాగదీయనివ్వకండి.

ఇంకొక్క మాట. పద్యం సొంత ఇంటిది కాబట్టి, పరిచయం చేసేవారు పేరు, తరగతి చెప్పి తప్పుకోవాలి. తండ్రి ఏం పని చేస్తారో ముందే చెప్పేస్తే పిల్లలందరూ ఆ అమ్మాయి వైపు చూస్తూ పద్యం వినడం మరచిపోతారు; పైగా పద్యంలో మొదటి మాటే ‘నాన్న’.