క్యాప్సూల్స్ ఆరబెట్టగానే ముద్ద కడుతున్నాయి, ఎవరైనా చెప్పండి

గుంటూరు_ఎంటెక్:
అందరికీ నమస్తే. పగులొస్తే తనంతట తానే పూడ్చుకునే ఎపాక్సీ (గట్టిపడే రెజిన్) కాంపోజిట్ నా ప్రాజెక్టు. అవిసె నూనెని యూరియా-ఫార్మాల్డిహైడ్ పెంకులో పెట్టి మైక్రోక్యాప్సూల్స్ (కంటికి ఆనని బుల్లి గోళీలు) చేస్తున్నా, పగులొస్తే అవి చిట్లి నూనె కారి అక్కడ గట్టిపడాలని. బీకర్లో ఉన్నంతసేపు మైక్రోస్కోపులో చక్కగా గుండ్రంగా కనిపిస్తాయి, వడగట్టి ఆరబెట్టేసరికి ఎక్కువ ఉడికిన సగ్గుబియ్యంలా ఒకటే ముద్ద. మూడు బ్యాచులు పోయాయి. 55 డిగ్రీలు, 4 గంటలు, 500 ఆర్‌పీఎం. పీహెచ్ 2.5 పెట్టా, త్వరగా అవుతుందని. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_రెజిన్:
దొంగ అక్కడే దొరికాడు తమ్ముడూ. అంత ఆమ్లంలో రియాక్షన్ పరుగెత్తుతుంది, పాలిమర్ నూనె బొట్టు చుట్టూ చేరకముందే నీళ్ళలోనే పొడిగా పడిపోయి, ఆ పొడే క్యాప్సూల్స్‌ని ఒకదానికొకటి అతికించేస్తుంది. 3.5 దగ్గర మొదలుపెట్టు. మిశ్రమంలో వేసే అమ్మోనియం క్లోరైడ్ ఫార్మాల్డిహైడ్‌తో కలిసి ఆమ్లాన్ని వదులుతుంది కాబట్టి పీహెచ్ దానంతట అదే దిగుతుంది, నువ్వు తొందరపెట్టక్కర్లేదు. వేడి కూడా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పునే ఎక్కించు. నురగ వస్తే ఆక్టనాల్ ఒక్క చుక్క. ఇక వడగట్టాక నీళ్ళతో కడిగి ఊరుకున్నావా? పైన మిగిలిన నూనె జైలీన్‌తో (నూనెని కరిగించే సాల్వెంట్) పోవాలి, లేకపోతే గాలి తగిలి ఆ నూనే జిగురవుతుంది.

గుంటూరు_ఎంటెక్:
జైలీన్ వాడలేదన్నా, నీళ్ళతోనే సరిపెట్టా. ఇంకోటి, మా ల్యాబులో ఆవిర్లని బయటికి లాగే హుడ్ ఫ్యాన్ పాడైంది, కిటికీ తీసి చేస్తున్నా, ఫర్వాలేదు కదా?

బెజవాడ_రెజిన్:
ఆపెయ్ ముందు! మిర్చి యార్డు ఘాటుకి అలవాటుపడిన ముక్కు కదా అని ధీమా వద్దు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చేది, పైగా జైలీన్ ఆవిరి తోడు. రివ్యూ పోతే పోయింది, ఫ్యాన్ తిరిగాకే చెయ్.

పాత_పీహెచ్‌డీ:
ముద్ద సంగతి తేలింది గానీ, అవిసె నూనె గట్టిపడాలంటే ఆక్సిజన్ కావాలి. పెయింటుకి బాగుంటుంది, మందపాటి కాంపోజిట్ లోపలి పగులుకి గాలి ఎక్కడినుంచి వస్తుంది? 2001లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు నేచర్ పత్రికలో చూపించింది అవిసె నూనె బదులు డైసైక్లోపెంటాడయీన్ అనే ద్రవంతో, దెబ్బతిన్న ఎపాక్సీకి 75 శాతం దాకా దృఢత్వం తిరిగొచ్చింది. అది గట్టిపడాలంటే గ్రబ్స్ క్యాటలిస్ట్ కావాలి, ఆ క్యాటలిస్ట్ రుథేనియం లోహంతో చేసింది, ధర వింటే గుండె ఆగుతుంది. (డైసైక్లోపెంటాడయీన్ 33 డిగ్రీల కింద గడ్డకడుతుంది, మన మే నెలలో ఆ బాధ లేదులే.) నీ దగ్గర డబ్బు లేకపోతే టైటిల్ కొంచెం మార్చి కోటింగ్ అని పెట్టుకో, చేసిన పని వృథా కాదు.

గుంటూరు_ఎంటెక్:
ఫ్యాన్ నిన్న బాగయింది. పీహెచ్ 3.5, జైలీన్ కడుగు, రెండూ చేశా. పొద్దున కాగితం వంచితే ఇసుకలా జారాయి, అడుగున చిన్న ఉండలు మాత్రం ఇంకా ఉన్నాయి. టైటిల్ సంగతి గైడ్ గారిని రేపు అడగాలి.