హెడ్‌సెట్ పెట్టుకునే నిద్రపోతే తప్పేంటి?

మూడో మంచం (మారతహళ్ళి)
త్రీ షేరింగ్ పీజీ నాది. పక్క మంచం అన్న గురక అందుకున్నాడంటే కిటికీ అద్దాలు అదురుతాయి. బయట రింగ్ రోడ్డు మీద లారీలు. ఆటల కోసమని సెకండ్ హ్యాండ్‌లో క్వెస్ట్ 3 కొన్నా, కళ్ళకి కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్. ఆటలు మూలపడ్డాయి. ఇప్పుడు రోజూ రాత్రి వీఆర్‌చాట్‌లో (జనం బొమ్మల రూపంలో కలుసుకునే యాప్) వాన కురిసే గది ఒకటి తెరిచి అందులోనే పడుకుంటున్నా. పది నిమిషాల్లో కునుకు పడుతుంది. మా అక్కకి చెప్తే "మొహానికి కరెంటు సామాను కట్టుకుని నిద్రేంట్రా" అంది. తెల్లారేసరికి చెంపల మీద గీతలు, మెడ పట్టేయడం మాత్రం నిజం. ఇది మంచిదేనా? మంచిదే అయితే సుఖంగా పడుకునే ఉపాయం చెప్పండి.

అనంతపురం అబ్బి
515 గ్రాములబ్బా అది! అర కేజీ కందిపప్పు పొట్లం మొగం మీద పెట్టుకొని నిద్రపోతాండావు, మెడ నొయ్యకుండా యాడికి పోతాది? మెడికల్ షాపులో ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి. చెవిలో కుక్కుకొని పండుకో. అయిపాయె.

బెళ్ళందూరు బాటసారి
అన్నా, పడుకున్నప్పుడు బరువు మెడ మీద పడదు, చెక్కిళ్ళ మీద పడుద్ది. మెడ నొప్పికి కారణం వెనకాల డయల్ ఉండే గట్టి స్ట్రాప్ అయ్యుంటుంది. మూడో మంచం తమ్ముడూ, అలాంటిది వాడుతున్నావా? తీసేసి, బాక్సులో వచ్చిన గుడ్డ స్ట్రాప్ వదులుగా కట్టుకో. తలగడ మెడ కింద ఉండాలి, తల కింద కాదు. 2024లో వచ్చిన అప్‌డేట్లలో పడుకుని వాడే సెట్టింగ్ ఒకటి ఇచ్చారు. అది ఆన్ చేస్తే కప్పు వైపు చూస్తున్నా ఎదురుగా చూసినట్టే గది కనిపిస్తుంది. మైక్ మ్యూట్ చేయడం మర్చిపోకు, నీ గురక గదిలో వాళ్ళందరికీ వినపడుద్ది.

మూడో మంచం
డయల్ స్ట్రాపే అన్నా. మూడు వేలు పెట్టి కొన్నా. ఏడుపొస్తోంది.

వేళచ్చేరి ఉక్క
మీకేం బాబూ, బెంగళూరులో రాత్రయితే దుప్పటి కప్పుకుంటారు. చెన్నైలో మే నెలలో ఇది పెట్టుకుంటే పావుగంటలో మొహానికి ఆనే స్పాంజి పిండితే నీళ్ళు కారతాయి. చెమట, వేడి, రాపిడి, మూడూ కలిస్తే చర్మం ఊరుకోదు. 2021లో క్వెస్ట్ 2 స్పాంజి పడక మొహాలు ఎర్రబారాయనే కంపెనీ అమ్మకాలు ఆపి, అప్పటికే కొన్నవాళ్ళకి సిలికాన్ తొడుగులు ఊరికే పంపింది. అది మెలకువగా వాడినవాళ్ళ సంగతి. మీరు ఆరు గంటలు అంటించుకుని పడుకుంటానంటున్నారు.

కంటిపాప
నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. రెండు మాటలు చెప్తా. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు వాటితోనే ఎప్పుడూ నిద్రపోకూడదు, నల్లగుడ్డుకి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఈ వాన గదుల్లో ఆదమరిచి జరిగేది అదే. ఇక వెలుతురు సంగతి. రాత్రిపూట కంట్లో పడే వెలుగు, ముఖ్యంగా నీలం, మెలటోనిన్‌ని అణిచేస్తుంది. నిద్ర రావాలని చెప్పే హార్మోను అది. రెప్ప మూసినా కాస్త వెలుగు లోపలికి పోతూనే ఉంటుంది. కాబట్టి బ్రైట్‌నెస్ అట్టడుగుకి తగ్గించాలి, గది చీకటిది ఎంచుకోవాలి. నన్నడిగితే కునుకు వచ్చేవరకు సరే, రాగానే తీసి పక్కన పెట్టేయండి.

మూడో మంచం
అక్కా, చిక్కంతా అక్కడే ఉంది. తీస్తే మెలకువ వచ్చేస్తుంది! కట్టు విప్పాలి, ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి, ట్యూబ్‌లైటు కళ్ళలో పొడుస్తుంది, అన్న గురక చెవిలో పడుతుంది. మళ్ళీ మొదటికే.

అనంతపురం అబ్బి
నిద్రకే ఇంత సామానైతే మా నాయన కయ్యలో గట్టు మీద ఎట్ల నిద్రపోయినాడో!

బెళ్ళందూరు బాటసారి
మీ నాయనకి పక్కన మనుషులున్నారన్నా. నా సంగతి చెప్తా, నవ్వుకుంటే నవ్వుకోండి. నా భార్య భీమవరంలో ఉద్యోగం, నేనిక్కడ. వారానికి రెండు రాత్రులు ఇద్దరం ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకుంటాం. తను అటు తిరిగితే బొమ్మ అటు తిరుగుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెడితే చాలదా అంటారు. ఫోన్లో ఏదో ఒకటి మాట్లాడాలి. ఇందులో ఏమీ మాట్లాడక్కర్లేదు.

వేళచ్చేరి ఉక్క
నవ్వడం లేదు బ్రదర్. కానీ రాత్రంతా నడవాలంటే చార్జర్ పెట్టి ఉంచాలి కదా? నాకు భయం అదే. బ్యాటరీ, ఫ్యాన్ రెండూ మొహం ముందరే. పక్కకి ఒత్తిగిలితే గాలిదారి దిండులోకి పోతుంది, చార్జ్ అవుతూ వేడెక్కే లిథియం బ్యాటరీ మీద మీ ముక్కు. కేబుల్ మెడకు చుట్టుకోవడం అదనం.

బెళ్ళందూరు బాటసారి
ఇది మాత్రం ఒప్పుకుంటా. మేం చార్జర్ పెట్టం. క్వెస్ట్ 3 సగటున 2.2 గంటలు వస్తుందని కంపెనీ వాళ్ళదే లెక్క. పెట్టుకుని ఉన్నంతసేపు సెన్సార్‌కి మొహం కనిపిస్తూనే ఉంటుంది, తనంతట తాను ఆరిపోదు. అందుకని 40 శాతం ఉన్నప్పుడు పడుకుంటాం. గంట తిరక్కుండానే బ్యాటరీ అయిపోయి చీకటి. దీన్ని మించిన టైమర్ లేదు. తర్వాత ఎప్పుడో ఒత్తిగిలినప్పుడు చెయ్యే లాగి పడేస్తుంది.

కంటిపాప
పడేసేది మెత్తటి చోట పడేయండి. పొద్దున కిటికీ ఎండ ఆ లెన్సుల్లో పడితే లోపలి తెర మాడిపోతుంది. ఇది కంటి సలహా కాదు, జేబు సలహా.

మూడో మంచం (మూడు రోజుల తర్వాత)
గుడ్డ స్ట్రాప్, మెడ కింద దిండు, 40 శాతం, అన్నీ చేశా. గీతలు తగ్గాయి, మెడ బాగుంది. మొదటి రాత్రి మాత్రం బ్యాటరీ అయిపోగానే వాన ఆగింది, గురక వినపడింది, లేచి కూర్చున్నా. చార్జర్ దాకా చెయ్యి పోయింది కానీ పెట్టలేదు. రెండో రాత్రి నుంచి అదే వాన చప్పుడు ఫోన్లో కూడా పెట్టి దిండు పక్కన ఉంచుతున్నా. అది ఆగినా ఇది ఆగదు.

అనంతపురం అబ్బి
అంటే ఇప్పుడు నిన్ను నిద్రపుచ్చేది ఫోనే కదప్పా? ఆ డబ్బా ఎందుకు మల్ల?

మూడో మంచం
ఫోన్ ఒక్కటే పెట్టి నిన్న చూశా అన్నా. రెండింటి దాకా ఫ్యాన్ చూస్తూ పడుకున్నా.

అనంతపురం అబ్బి
ఆ గురక పెట్టే మనిషిని పక్కకి తిరిగి పండుకోమను. సగం తగ్గుతాది.

మూడో మంచం
చెప్పా. ముందు ఆ వాన గది ఒకసారి చూపించమంటున్నాడు.