ఫిబ్రవరి 11న మహిళా శాస్త్రవేత్తలను ఎలా గౌరవించాలి? సూచనలు కావాలి

ప్రశ్న (అధ్యాపకురాలు, గుంటూరు)

నేను గుంటూరు సమీపంలోని ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన అంతర్జాతీయ విజ్ఞానరంగ మహిళా, బాలికల దినోత్సవాన్ని ఈసారి జరిపించే బాధ్యత నాకు అప్పగించారు. ఇంతకుముందు ఒక సభలో చూసిన దృశ్యం నన్ను వదలడం లేదు. నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పదార్థంపై 5 ఏళ్లు పనిచేసి డాక్టరేట్ పొందిన అమ్మాయిని వేదికపైకి పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి కిందికి పంపించారు. ఆమె రాసి తెచ్చుకున్న కాగితం మడత విప్పకుండానే చేతిలో ఉండిపోయింది. ఆమె సాధించింది ఏమిటో సభలో ఎవరికీ తెలియలేదు. ఈసారి అలా జరగకూడదు.

సమాధానం (విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, విజయవాడ)

అమ్మా, ముందు ఆ అమ్మాయికి 15 నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి, శాలువా సంగతి తరువాత. సభ ఆరంభంలో మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గారి గురించి చెప్పించండి. 1919లో మద్రాసులో పుట్టిన ఆమె, కూతురు 4 నెలల పసిబిడ్డగా ఉండగానే భర్తను పోగొట్టుకుని, ఆ తరువాత గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజినీరింగ్ చదివారు. అప్పటిదాకా మగవారికే ఇస్తూ వచ్చిన పట్టా గనుక, అచ్చులో ఉన్న ‘అతడు’ అన్న మాటను కొట్టివేసి ‘ఆమె’ అని రాసి ఇవ్వవలసి వచ్చింది. తరువాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. సబ్‌స్టేషన్లలో 30 ఏళ్లు పనిచేసిన నేను ఈ పేరును పదవీ విరమణ తరువాతే విన్నానంటే నాకే బాధగా ఉంది.

సమాధానం (పరిశోధక విద్యార్థిని)

నమస్కారం మేడమ్. మేము పనిచేసే వేళల గురించి కూడా ఆ రోజు మాట్లాడాలని నా విన్నపం. భౌతిక, వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి గారు బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల వర్ణపటాలు (కాంతిని రంగులుగా విడదీసి తీసే చిత్రాలు) తీసేటప్పుడు ఒక్కొక్క ఫొటో ఫలకానికి 15 నుంచి 20 గంటలు పట్టేది, రాత్రిళ్లు అక్కడే నిద్రపోయేవారు. అంత చేసినా ఎమ్మెస్సీ లేదన్న కారణంతో ఆమెకు డాక్టరేట్ దక్కలేదు. మా హాస్టల్ గేటు రాత్రి 8 గంటలకు మూస్తారు. నా నమూనా ఓవెన్‌లో 12 గంటలు ఉండాలి కాబట్టి, నేను ఏడున్నరకు బయలుదేరితే మిగిలిన ఉష్ణోగ్రతలన్నీ నా తోటి విద్యార్థి నా నోట్‌బుక్‌లో రాసిపెడతాడు. అతని సహాయానికి కృతజ్ఞురాలినే గాని, నా ప్రయోగం దగ్గర నేను ఉండే వీలు ఎందుకు లేదని అధికారుల ఎదుట ఎవరైనా అడగాలి.

సమాధానం (తెనాలి)

ప్రకాశం జిల్లాకు చెందిన ఆచార్య గాలి మాధవీలత గారు జమ్మూకశ్మీర్‌లోని చినాబ్ రైలు వంతెనకు 17 ఏళ్లు సలహాదారుగా ఉన్నారు. నదికి 359 మీటర్ల ఎత్తున ఉన్న ఆ వంతెన భారమంతా మోసే కొండవాలు జారకుండా చూడటంలో ఆమె నైపుణ్యం ఉపయోగపడింది. 2025 జూన్‌లో వంతెన ప్రారంభమై అందరూ పొగుడుతున్నప్పుడు, ప్రశంసకు అర్హులైన వేలమందిలో తాను ఒకరినని ఆమె చెప్పారు. మీ ప్రయోగశాలలో గాజు సామాను కడిగి, ద్రావణాలు సిద్ధం చేసే సహాయకురాలిని కూడా వేదికపైకి పిలవండి.

ప్రశ్న అడిగిన అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. శాలువాల సొమ్ముతో వరండాలో బల్లలు వేయించి, 6 మంది పరిశోధకురాళ్లు తమ పనిని డిగ్రీ విద్యార్థినులకు తెలుగులోనే చేసి చూపించేలా ఏర్పాటు చేస్తున్నాను. మా సహాయకురాలికి కూడా ఒక బల్ల ఉంటుంది. ఫ్లోరైడ్‌పై పనిచేసిన అమ్మాయి పల్నాడు బోరు నీళ్లు సీసాలో తెస్తానంది. గేటు వేళల గురించి వినతిపత్రాన్ని సభకు ముందే నేను సంతకం చేసి ఇస్తాను. ఇంజినీరు గారూ, లలిత గారి గురించి చెప్పడానికి విజయవాడ నుంచి మీరే రాగలరా? సభ ఉదయం 10 గంటలకు మొదలవుతుంది.