సమస్యాపూరణం: "చిన్న చేప పెద్ద చేపఁ జంపె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

చిన్న చేప పెద్ద చేపఁ జంపె

ఐదూ సూర్యగణాలే, యతి చి–చే. ఒక్కటే షరతు: కథ ఇంట్లో పెట్టుకునే చిన్న అక్వేరియంలో జరగాలి, చేపల విషయంలో నిజం కావాలి. గాలాలూ మాయలూ వద్దు. ఏ చేపకు ఏది పడదో తెలియక తెచ్చి కలిపేసేవాళ్లు చాలామంది. పద్యం నోటికి వస్తే ఆ సంగతి కూడా గుర్తుండిపోతుంది.

నాచుమొక్క:
చారలున్న బార్బు సావాసమునఁ జేరి
రెక్క కొసలు కొరికి రేయిపగలు
పుండు పడఁగ బూజు పూఁతవలెఁ బెరుగన్
చిన్న చేప పెద్ద చేపఁ జంపె

నిర్వాహకుడు:
నాచుమొక్క గారూ, గణాలూ యతులూ కుదిరాయి. టైగర్ బార్బు గుణాన్ని సరిగ్గా పట్టుకున్నారు. కొరికిన చోట తెల్లటి దూదిలా పట్టే బూజును "పూఁత" అనడం నాకు బాగా నచ్చింది. లోటు ఒకటుంది: రెక్కలు ఎవరివో పద్యంలో లేదు. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

ఏంజెలొంటి రెక్క లెల్లఁ గొరికి

రెక్కలు + ఎల్ల కాబట్టి ఏ–ఎ యతి చెల్లుతుంది. టైగర్ బార్బులు ఒకటో రెండో ఉంటే ఈ కొరుకుడు మరీ ఎక్కువ. ఎనిమిది, పది ఉంటే తమలో తాము తరుముకుంటూ పక్కవాటి జోలికి తక్కువ పోతాయి. అయినా ఏంజెల్, బెట్టా, గప్పీ లాంటి పొడుగు రెక్కల చేపలతో కలపకపోవడమే మంచిది.

నాచుమొక్క:
సవరణ శిరోధార్యం. మరి ఏంజెల్‌ని నియాన్ టెట్రాలతో ఉంచొచ్చా?

తేటనీరు:
పిల్ల ఏంజెల్‌తో కొన్నాళ్లు సజావుగానే సాగుతుంది. కానీ అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, నియాన్ నాలుగు దాటదు. నోట్లో పట్టేదంతా దానికి ఆహారమే. పైగా ఎదిగిన ఏంజెల్‌కి 60 లీటర్ల తొట్టి చాలదు. ఇక నా పూరణ:

నోటఁ బట్టు ననుచు నోరార మింగఁగన్
కోరి రెక్క ముల్లు గొంతుఁ బట్టె
కక్కలేక మింగఁగా లేక నీల్గెను
చిన్న చేప పెద్ద చేపఁ జంపె

నిర్వాహకుడు:
తేటనీరు గారూ, అద్భుతం. మనం రోజూ వాడే నుడికారం గణాల్లో ఇంత హాయిగా ఒదగడం అరుదు. విషయమూ నిజమే. మీరు "కోరి" అన్న కోరిడోరస్‌కి, అంటే అడుగున తిరిగే ఆ చిన్న మీసాల చేపకి, వీపు రెక్క ముందొకటి, రెండు పక్క రెక్కల ముందు చెరొకటి గట్టి ముళ్లుంటాయి. బెదిరితే అవి నిటారుగా లేచి బిగుసుకుంటాయి. వలతో పట్టినప్పుడు చూడండి, ముల్లు దారాల్లో చిక్కుకుని చేపను విడిపించడమే పెద్ద పనవుతుంది. అదే బిగుసుకోవడం గొంతులో జరిగితే ఇంకేముంది!

గులకరాయి:
అప్పుడు చిన్న చేప కూడా బతకదు కదండీ. "చంపె" అనొచ్చా?

నిర్వాహకుడు:
అనొచ్చు. చంపింది బతకాలని సమస్యలో లేదు.

గులకరాయి:
అయితే నాదీ చూడండి.

కొన్ననాఁడె తెచ్చి గుంపులోఁ గలుపఁగన్
తెల్లమచ్చ తెగులు తొట్టి నిండె
ఒంటి పురుగులన్ని యొకటొకటిగ రాల్చి
చిన్న చేప పెద్ద చేపఁ జంపె

నిర్వాహకుడు:
గులకరాయి గారూ, రెండో పాదంలో యతి తప్పింది. తె–తొ కుదరదు. "తెల్లమచ్చ తొట్టిఁ దెగులు నింపె" అంటే తె–దె సరిపోతుంది. మూడో పాదం మాత్రం ఈ రోగం నడకను ఉన్నదున్నట్టు చెప్పింది. మచ్చలోని పరాన్నజీవి చేప ఒంటి నుంచి రాలి, అడుగున వందలుగా పెరిగి, మళ్లీ చేపలను పట్టుకుంటుంది. అందుకే మచ్చలున్న చేపకే కాదు, తొట్టి మొత్తానికీ మందు వేయాలి. కొత్త చేపను రెండు నుంచి నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచితే ఈ టెన్షన్ చాలావరకు తప్పుతుంది.

చిరుమొప్ప:
గాజుఁ దుడుచు ననుచు గారానఁ దెచ్చిన
పీల్చు నోటఁ బట్టెఁ బెద్ద యొడలు
జిగురు పొరను గీకి చీకటి వేళలన్
చిన్న చేప పెద్ద చేపఁ జంపె

నిర్వాహకుడు:
చిరుమొప్ప గారూ, నిర్దోషమైన పూరణ. "తెచ్చిన" తర్వాత "చేప" అన్న మాట నాలుగో పాదం దాకా రాలేదు, అన్వయం కాస్త దూరమైంది, అంతే. సక్కర్ చేపలు కొన్ని రాత్రిపూట బల్లపరుపు ఒంటి చేపలకు అతుక్కుని జిగురు గీకడం నిజమే. కొనేటప్పుడు వేలెడంత ఉండే మామూలు సక్కర్ 30 సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న తొట్టిలో నాచు కోసమైతే నత్తలు చాలు.

నా పూరణ కూడా ఇస్తున్నాను:

నీరు వేఁడి నోరు నెమ్మదిఁ జూడక
రంగుఁ జూచి కొన్న రచ్చ మిగులు
తప్పు మనదె, పలుకఁ దగునె యీ రీతిగన్
"చిన్న చేప పెద్ద చేపఁ జంపె"

చిరుమొప్ప:
మొదటి పాదంలోనే చూడాల్సినవన్నీ చెప్పేశారు. మరి 60 లీటర్లకు మీరైతే ఏవి పెడతారు?

నిర్వాహకుడు:
నీళ్లు మెత్తనివైతే, అంటే లవణాలు తక్కువగా ఉంటే, నియాన్లు పది, పాండా కోరిడోరస్‌లు ఆరు. రెండింటికీ 24 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. నియాన్లు నడి నీటిలో తిరుగుతాయి, కోరిడోరస్‌లు అడుగున వెతుక్కుంటాయి. అడుగున సన్నని ఇసుకే పోయండి, పదును రాళ్లయితే వాటి మీసాలు అరిగిపోతాయి. నీళ్లు గట్టివైతే నియాన్లు మానేసి ప్లాటీలు, అవీ మగవే తెచ్చుకోండి, లేకపోతే పిల్లలతో తొట్టి నిండిపోతుంది. గోల్డ్‌ఫిష్ వీటితో వద్దు. దానికి చల్లటి నీళ్లు కావాలి, అది తొట్టిని ఊరికే మురికి చేస్తుంది కూడా.

తేటనీరు:
చేపల కంటే ముందు ఫిల్టర్ గురించి కూడా చెప్పండి.

నిర్వాహకుడు:
అవునండీ. చేపల మలినాన్ని హరించే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి, చేపలు లేకుండానే కొంచెం కొంచెం అమ్మోనియా వేస్తూ దాన్ని నడపాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో హరించుకుపోయి, దాన్నుంచి పుట్టే నైట్రైట్ కూడా పరీక్షలో సున్నా చూపించాకే ముందు కోరిడోరస్‌లు వేయండి. నియాన్లు కాస్త సున్నితం, తొట్టి ఇంకొన్ని వారాలు కుదురుకున్నాక తెండి.